పాత్రలో ఇమడని ద్రవం

(మా భౌతికశాస్త్రం మాస్టారి స్మారకోపన్యాసం: ప్రసంగ పాఠం)



స్మారకోపన్యాసం అంటే పోయినవారి గుణగణాల్ని ఓ పావుగంట చెప్పి, తర్వాత వారికి ఏ సంబంధమూ లేని విషయం మీద ముప్పావుగంట మాట్లాడటం ఆనవాయితీ. నేను ఆ రెంటినీ కలిపేస్తాను. ఎందుకంటే ఈ రోజు నేను ఎత్తుకున్న విషయం మాస్టారు నాకు అంటించిన జబ్బు. గ్రాఫైట్ ఎంత వేడి దగ్గర కరుగుతుంది? ఇంతే ప్రశ్న. దీనికి ఒక్క ముక్కలో జవాబు వస్తుందని ఇంటర్మీడియట్‌లో నేను నమ్మాను. నమ్మి దెబ్బతిన్నాను.

క్వార్టర్లీ పరీక్షలో ఆయన ఓ చిన్న ప్రశ్న ఇచ్చారు. ఇనుము, టంగ్‌స్టన్, కార్బన్‌ల ద్రవీభవన స్థానాలు రాయమని. ఇనుముకు 1,538 డిగ్రీల సెల్సియస్ అని రాశాను. టంగ్‌స్టన్‌కు 3,422 అని రాశాను. కార్బన్‌కు గైడులో ఉన్న 3,500 చిల్లర అంకె వేశాను. పేపరు చేతికొచ్చేసరికి మొదటి రెంటి పక్కన టిక్కులు, మూడోదాని పక్కన అర మార్కు, దాని కింద ఎర్ర సిరాతో రెండు ప్రశ్నలు: "ఏ పీడనంలో? ఎవరు చూశారు?"

నాకు ఒళ్లు మండింది. పుస్తకంలో ఉన్నది రాస్తే మార్కు కోసేస్తారా అని స్టాఫ్‌రూముకు వెళ్లి నిలదీశాను. ఆయన కోప్పడలేదు. "సాయంత్రం మొదటి ఆట టైముకి సినిమాహాలు దగ్గరికి రారా" అన్నారు.

హాలు వెనక ఇనుప నిచ్చెన ఎక్కితే ప్రొజెక్టర్ గది. అప్పట్లో మన ఊళ్లో జినాన్ దీపాలు రాలేదు, కార్బన్ కడ్డీలతోనే బొమ్మ పడేది. ఒక పెట్టెలో ఎదురెదురుగా రెండు కార్బన్‌లు, వాటి కొసల మధ్య వేలెడు కూడా లేని ఎడం, ఆ ఎడంలో కళ్లు చెదిరే మంట. కడ్డీలు అరిగేకొద్దీ ఆపరేటర్ మర తిప్పుతూ వాటిని దగ్గరికి జరుపుతూ ఉండాలి. ఆ పని మరిచి బీడీ ముట్టిస్తే తెర మీద హీరో మొహం పసుపుపచ్చగా మారి, కింద బెంచీల నుంచి ఈలలు మొదలయ్యేవి. మాస్టారు నాకు నల్ల అద్దం ఇచ్చి కిటికీలోంచి చూడమన్నారు. పాజిటివ్ కడ్డీ కొస గిన్నెలా గుంట పడి, ఆ గుంట తెల్లగా వెలుగుతోంది. కింద రేకు మీద మాత్రం ఎర్రగా చిన్న చిన్న బొట్లు రాలి పడుతున్నాయి.

"అదిగో మాస్టారూ, కరిగి కారుతోంది!" అన్నాను గెలిచిన ఉత్సాహంతో.

"అది రాగిరా. కడ్డీకి రాగి పూత వేస్తారు. కార్బన్ బొట్టు ఒక్కటైనా కారిందేమో చూడు."

కారలేదు. కడ్డీ తరుగుతోంది, గుంట లోతవుతోంది, తడి మాత్రం ఎక్కడా లేదు.

అక్కడి నుంచి మొదలుపెడతాను. పూజగదిలో మూత సరిగ్గా పెట్టని డబ్బాలో కర్పూరం బిళ్లలు నెల తిరిగేసరికి సగమైపోవడం మీరందరూ చూసే ఉంటారు. కరగకుండానే ఆవిరైపోతుంది. దాన్ని ఉత్పతనం అంటాం. మనం పీల్చే గాలి ఒత్తిడిలో గ్రాఫైట్ చేసేదీ అదే, కాకపోతే సుమారు 3,900 కెల్విన్ల దగ్గర. ఆ వేడి దగ్గర గ్రాఫైట్ నుంచి లేచే ఆవిరి ఒత్తిడి చుట్టూ ఉన్న వాతావరణ పీడనానికి సమానమవుతుంది. అంతకన్నా వేడెక్కించాలని ఎంత కరెంటు పంపినా ఆ శక్తంతా ఆవిరి పుట్టించడానికే ఖర్చవుతుంది, వేడి పెరగదు. మామూలు కార్బన్ ఆర్కులో కరెంటు పెంచితే గుంట వెడల్పవుతుంది గానీ దాని మెరుపు పెద్దగా మారదు. ఈ మొండితనం వల్లే ఒకప్పుడు ఆ గుంట వెలుగును, వెలుగు చూసి వేడి చెప్పే పైరోమీటర్లు సరిచూసుకునే ప్రమాణంగా వాడుకున్నారు. అంటే మన ఊరి సినిమా ఆపరేటర్ రోజూ సాయంత్రం ప్రపంచ ప్రమాణాల్లో ఒకదాన్ని వెలిగించేవాడు. ఆ సంగతి తెలిస్తే జీతం పెంచమని అడిగేవాడేమో.

అయితే గ్రాఫైట్ ఎప్పుడూ కరగదా? కరుగుతుంది, ఆవిరి పారిపోకుండా పైనుంచి అదిమి పెడితే. ఘన, ద్రవ, వాయు రూపాలు మూడూ కలిసి నిలవగలిగే చోటును త్రిక బిందువు అంటాం. నీటికి అది వాతావరణ పీడనంలో నూటఅరవయ్యో వంతు కూడా ఉండదు, అందుకే మంచు మన కళ్ల ముందే కరిగి నీరవుతుంది. కార్బన్‌కు అది సుమారు 100 వాతావరణ పీడనాల దగ్గర ఉంది. 1939లో ఫ్రాన్స్‌లో బాసే అనే పరిశోధకుడు ఒత్తిడి గదిలో గ్రాఫైట్‌ను వేడిచేసి సుమారు 100 వాతావరణాలు, 4,000 కెల్విన్లు అని అంకెలు ఇచ్చాడు. అంతకు ముందే, 1914లో, బ్రెస్లౌలో ఓటో లుమ్మర్ ఆర్కు దీపంలో కార్బన్‌ను ద్రవం చేశానని ఏకంగా పుస్తకమే అచ్చువేశాడు. లుమ్మర్ సామాన్యుడు కాడు. ప్లాంక్ తన సూత్రం రాయడానికి ఆధారమైన కొలతలు తీసినవాళ్లలో ఒకడు. అంతటివాడు చూశానన్నదాన్ని తర్వాతి తరం నమ్మలేకపోయింది. "ఎవరు చూశారు" అని మాస్టారు రాసిన ప్రశ్నకు ఉన్న పదును నాకు లుమ్మర్ కథ చదివాకే తెలిసింది. చూడటం ఒకటి, చూసింది ఏమిటో తెలియడం మరొకటి.

ఈ పదార్థం మనుషుల్ని మోసం చెయ్యడం కొత్త కాదు. దాన్ని చాలాకాలం సీసం అనుకున్నారు. ఇంగ్లీషులో ఇప్పటికీ పెన్సిల్ ములుకును సీసం పేరుతోనే పిలుస్తారు. 1779లో స్వీడన్ రసాయనవేత్త షీలే దాన్ని ఆక్సీకరణం చేసి, వచ్చింది బొగ్గుపులుసు గాలి కాబట్టి ఇది కార్బనేనని తేల్చాడు. 1789లో వెర్నర్ రాయడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి గ్రాఫైట్ అని పేరు పెట్టాడు. దాని కోసం మనం దూరం వెళ్లక్కర్లేదు. విశాఖ చుట్టుపక్కల తూర్పు కనుమల్లో ఉన్న ఖోండలైట్ రాతిలో గోమేదికం, సిల్లిమనైట్‌లతో పాటు గ్రాఫైట్ పొలుసులు కూడా ఉంటాయి. రాయిని రుద్దితే వేలికి మసి అంటుకుంటుంది.

ఆ మసి ఎందుకు అంటుకుంటుందో చెబితే మిగతా కథ సగం చెప్పినట్టే. విస్తరాకుల కట్టను ఊహించుకోండి. ఒక్కో విస్తరిలో ఆకులు పుల్లలతో గట్టిగా కుట్టి ఉంటాయి. విస్తరికీ విస్తరికీ మధ్య మాత్రం ఏ కుట్టూ ఉండదు, ఊరికే ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. గ్రాఫైట్ అంతే. ఒక పొరలో ప్రతి కార్బన్ పరమాణువు మరో మూడింటితో 1.42 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో బలంగా ముడిపడి తేనెపట్టు అల్లిక అవుతుంది. పక్క పొర 3.35 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంలో, నూరు రెట్లకు పైగా బలహీనమైన ఆకర్షణతో ఆని ఉంటుంది. అందుకే ఒకే ముక్కకు రెండు స్వభావాలు. బాగా అమరిన గ్రాఫైట్‌లో పొర వెంబడి వేడి రాగిలో కన్నా నాలుగు రెట్లు మించి సులువుగా పారుతుంది, పొరకు అడ్డంగా పారమంటే మొరాయిస్తుంది. వేడిచేస్తే పొరల మధ్య ఎడం పెరుగుతుంది, పొర మాత్రం తన వెడల్పులో సుమారు 400 డిగ్రీల దాకా స్వల్పంగా కుంచించుకుంటుంది! వేడికి వస్తువులు వ్యాకోచిస్తాయని ఏడో తరగతిలో చదివిన వాక్యానికి మన పెన్సిల్లోనే మినహాయింపు ఉందన్నమాట.

పొరలు జారతాయి కాబట్టి గ్రాఫైట్ కందెనగా పనిచేస్తుందని పుస్తకాలు రాస్తాయి. అదీ సగమే నిజం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాలు బాగా ఎత్తున ఎగిరినప్పుడు వాటి మోటార్లలోని కార్బన్ బ్రష్షులు గంటల్లోనే పొడైపోయేవి. పైన గాలిలో తేమ లేదు. ఆ తేమ, ఇతర వాయువులు పొరల అంచులకు పట్టుకుని ఉంటేనే గ్రాఫైట్ జారుతుంది, శూన్యంలో పెడితే గరుకెక్కుతుంది. ఇది మన విషయానికి కాస్త పక్కదారే, కానీ మాస్టారికి ఇలాంటి పక్కదార్లంటే ప్రాణం.

వేడెక్కిన గ్రాఫైట్ చేసే వింతల్లో నాకు బాగా నచ్చింది దాని బలం. ఇనుమును కొలిమిలో పెడితే మెత్తబడుతుంది, కమ్మరి బతికేదే దాని మీద. గ్రాఫైట్ అందుకు విరుద్ధం. కారఖానాలో చేసిన గ్రాఫైట్ దిమ్మ సుమారు 2,500 డిగ్రీల దాకా వేడెక్కేకొద్దీ గట్టిపడుతూ పోతుంది. చాలా రకాల్లో బలం గదిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపవుతుంది. కారణం అది పుట్టిన తీరులో ఉంది. ఈ దిమ్మల్ని 3,000 డిగ్రీలకు దగ్గర్లో కాల్చి తయారుచేస్తారు. ఆ దారి చూపినవాడు అమెరికన్ ఎచిసన్. కార్బొరండం చేసే కొలిమి మరీ వేడెక్కితే సిలికాన్ ఆవిరైపోయి శుద్ధమైన గ్రాఫైట్ మిగలడం చూసి, 1896లో పేటెంటు తీసుకున్నాడు. అంత వేడి నుంచి చల్లారేటప్పుడు పొరలకు అడ్డంగా ఎక్కువ, పొర వెంబడి తక్కువ కుంచించుకోవడంతో లోపల కంటికి కనపడని పగుళ్లు ఏర్పడతాయి. చలికాలం పగిలిన మడమల్లాంటివి. మళ్లీ వేడిచేస్తే ఆ పగుళ్లు పూడుకుని దిమ్మ ఒక్కటవుతుంది. గాలి మాత్రం తగలకూడదు. గాలిలో అయితే 500, 600 డిగ్రీలకే మెల్లగా మండిపోవడం మొదలెడుతుంది.

ఈ గుణమే రాకెట్ నాజిళ్లకూ క్షిపణుల ముక్కుకూ పనికొచ్చింది. 1980ల్లో అగ్ని కార్యక్రమంలో వాతావరణంలోకి తిరిగొచ్చే భాగం కోసం హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాలల్లో కార్బన్-కార్బన్ మిశ్రమ పదార్థాన్ని సాధించారు. కార్బన్ నారతో నేసి, సందుల్ని కార్బన్‌తోనే పూడ్చిన వస్తువది. ముక్కు వేల డిగ్రీలకు వేడెక్కినప్పుడు దాని పైపొర కొంచెం కొంచెంగా పోతూ వేడిని మోసుకుపోతుంది. అది ఎంత పెద్ద మోత అంటారా? ఒక గ్రాము నీటిని ఆవిరి చెయ్యడానికి 2.26 కిలోజౌళ్లు చాలు. ఒక గ్రాము గ్రాఫైట్‌ను విడి పరమాణువులుగా ఆవిరి చెయ్యాలంటే దాదాపు 60 కావాలి.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. ద్రవాన్ని కొలవాలంటే ముందు దాన్ని దేంట్లోనైనా పోయాలి కదా. కార్బన్ ద్రవాన్ని దేంట్లో పోస్తాం? లోహాలన్నిటిలో ఎక్కువ వేడి తట్టుకునే టంగ్‌స్టన్ 3,695 కెల్విన్లకే కరిగిపోతుంది. కరిగిన లోహాలు పట్టుకోవడానికి మనం వాడే మూసలు చాలావరకు గ్రాఫైట్‌తో చేసినవే. మూసే కరగాల్సి వస్తే దాన్ని పట్టేదెవరు? మిగిలిన దారి ఒక్కటే. పాత్ర అక్కర్లేనంత త్వరగా పని ముగించాలి. పదార్థం కారిపోవడానికీ చెదిరిపోవడానికీ కొంత సమయం పడుతుంది కదా. ఆ లోపలే వేడిచేసి, కరిగించి, కొలిచేసి బయటపడాలి. గత అరవై ఏళ్లుగా ఈ శాస్త్రమంతా గడియారంతో పందెమే.

ఆ పందెంలో మొదటి పెద్ద పరుగు ఫ్రాన్సిస్ బండీది. 1954 డిసెంబరులో జనరల్ ఎలక్ట్రిక్‌లో గ్రాఫైట్ నుంచి వజ్రాలు చేసిన జట్టులో ఆయన ఒకడు. వజ్రాలు చేసిన యంత్రంలోనే చిన్న గ్రాఫైట్ కడ్డీ పెట్టి, వేల వాతావరణాల ఒత్తిడిలో కెపాసిటర్ల కరెంటును మిల్లీసెకన్లలో దాని గుండా పంపేవాడు. లోపలికి చూడటానికి కిటికీ లేదు. కడ్డీ నిరోధకత ఎక్కడ తేడాగా మారిందో చూసి కరిగిందని గ్రహించడం, అప్పటికి ఎంత శక్తి పోశామో లెక్కవేసి ఉష్ణోగ్రత అంచనా కట్టడం, తర్వాత ముక్కను కోసి చూడటం. 1963లో ఆయన అచ్చువేసిన గీత ఈనాటికీ ఈ రంగంలో అందరి గోడల మీదా ఉంటుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ కరిగే ఉష్ణోగ్రత మొదట పెరుగుతుంది, సుమారు 70,000 వాతావరణాల దగ్గర 4,600 కెల్విన్ల శిఖరం తాకుతుంది, ఆపైన దిగడం మొదలెడుతుంది.

ఆ గుట్ట లాంటి గీతలో చాలా అర్థముంది. మంచు గడ్డ నీటి మీద తేలుతుంది కదా, అంటే నీరు మంచు కన్నా చిక్కన. అందుకే మంచును అదిమితే చిక్కటి రూపమైన నీటి వైపు మొగ్గుతుంది, తక్కువ వేడికే కరుగుతుంది. చాలా పదార్థాల్లో కరిగిన రూపం పలచన కాబట్టి వ్యవహారం తలకిందులు. బండీ గీత ఎడమ వైపు ఎక్కుతోందంటే అక్కడ కార్బన్ ద్రవం గ్రాఫైట్ కన్నా పలచన. కుడి వైపు దిగుతోందంటే అక్కడ ద్రవమే చిక్కన. ఒకే ద్రవం ఒక ఒత్తిడి దగ్గర గ్రాఫైట్ మీద తేలి, మరో ఒత్తిడి దగ్గర గ్రాఫైట్‌నే తేలుస్తుందన్నమాట! అంటే దాని లోపలి అమరిక దారిలో ఎక్కడో మారిపోతోంది. 1997లో జపాన్ శాస్త్రవేత్త తొగాయా ఇంకా జాగ్రత్తగా కొలిచి శిఖరాన్ని 5.6 గిగాపాస్కల్‌ల దగ్గర, అంటే సుమారు 55,000 వాతావరణాల దగ్గర చూశాడు. ద్రవం ఒకటి కాదు రెండేమో అన్న ఊహకు అది బలమిచ్చింది. 1999లో గ్లోస్లి, రీ అనేవాళ్లు కంప్యూటర్ మీద పరమాణువుల్ని ఆడించి పలచటి ద్రవం చిక్కటి ద్రవంగా ఒక్కసారిగా మారిపోవడం చూపించారు. మూడేళ్ల తర్వాత వాళ్లే మరికొందరితో కలిసి క్వాంటం లెక్కలతో మళ్లీ చేస్తే ఆ దూకుడు మాయమైంది. ముందు వాడిన సూత్రం బంధాల్ని సరిగ్గా పట్టుకోలేదట. తమ ఫలితాన్ని తామే కొట్టేసుకోవడానికి గుండె కావాలి. ఆ వ్యాసాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు మాస్టారు గుర్తొస్తారు. ఆయన బోర్డు మీద లెక్క తప్పుగా చేస్తే మాచేత చెరిపించేవారు కాదు, తనే చెరిపేవారు.

ఇక మాస్టారి మొదటి ప్రశ్న వదిలి రెండోదానికి వద్దాం. ఒత్తిడి సంగతి తేలింది. ఉష్ణోగ్రతను ఎవరు చూశారు, ఎలా చూశారు?

అంత వేడిలో థర్మామీటరు పెట్టలేం, వెలుగును చూసి వేడిని చెప్పాలి. మా అమ్మమ్మ పెనం మీద నీళ్లు చిలకరించి దోసె పొయ్యొచ్చో లేదో చెప్పేది, పైరోమీటర్ కూడా అలాంటి అనుభవజ్ఞురాలే. కానీ వస్తువు వెలుగు దాని వేడి మీదే కాదు, దాని ఒంటి స్వభావం మీద కూడా ఆధారపడుతుంది. పూర్తిగా నల్లని వస్తువు ఇచ్చే వెలుగులో ఎన్నో వంతు ఇస్తుందో దాన్ని ఉద్గారత అంటాం. ఒక ద్రవం ఉద్గారత 0.6 అనుకోండి. అది నిజంగా 4,800 కెల్విన్ల దగ్గర ఉన్నా, 0.65 మైక్రాన్ల ఎర్రటి కాంతిలో చూసి నల్లవస్తువుగా లెక్కేస్తే మనకు 4,320 అని వస్తుంది. ఒక్క దశాంశ అంకె తెలియక దాదాపు 500 కెల్విన్లు గల్లంతు.

దీనికి మందు పాతదే. ఒక బోలు పెట్టెకు చిన్న కన్నం పెడితే ఆ కన్నం దాదాపు నల్లవస్తువులా ప్రవర్తిస్తుంది. పట్టపగలు పాడుబడ్డ ఇంటి కిటికీ నల్లగా కనిపించేదీ అందుకే. మన దేశంలో ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాల తొలి డైరెక్టర్ కె.ఎస్. కృష్ణన్ 1950ల్లో ఈ ఉపాయాన్నే మరో పనికి వాడారు. గ్రాఫైట్ గదిని వేడిచేసి, దాని చిన్న కన్నంలోంచి బయటికి చిమ్మే ఎలక్ట్రాన్లను కొలిచి, గ్రాఫైట్ ఎలక్ట్రాన్లను వదలడానికి ఎంత శక్తి కావాలో ఎస్.సి. జైన్‌తో కలిసి లెక్కగట్టారు. గ్రాఫైట్ ఎలక్ట్రాన్ల అయస్కాంత గుణాల మీద అంతకు పదేళ్ల ముందే పనిచేసిన మనిషి ఆయన.

కరిగే గ్రాఫైట్‌కు ఆ పెట్టెను ఎలా చేస్తారు? మాస్కో అధిక ఉష్ణోగ్రతల సంస్థలో సవ్వతిమ్‌స్కీ రెండు పల్చటి గ్రాఫైట్ రేకుల్ని ఆంగ్ల వీ అక్షరంలా ఒక అంచున కలిపి నిలిపాడు. ఆ సందు లోపలికి చూస్తే నల్లవస్తువుకు దగ్గరగా ఉంటుంది. మైక్రోసెకన్లలో కరెంటు పంపి, వెలుగును పట్టి, కరగడం 4,800 కెల్విన్లకు అటూ ఇటూగా మొదలవుతుందని చెప్పాడు. శక్తి లెక్క ఇంకా రుచికరంగా ఉంది. గది వేడిమి నుంచి కరిగే అంచుకు చేరడానికి గ్రాముకు 10.5 కిలోజౌళ్లు పట్టాయి, ఆ అంచున నిలబడి పూర్తిగా కరిగిపోవడానికి మరో 10 పట్టాయి. వేల డిగ్రీలు ఎక్కడానికి ఎంత ఖర్చో, ఆ గడప దాటడానికీ దాదాపు అంతే. మంచును కరిగించడానికి గ్రాముకు 0.33 కిలోజౌళ్లు చాలు, కార్బన్‌కు దానికి ముప్పై రెట్లు.

ఇంత చక్కగా తేలితే ఈ ఉపన్యాసం ఇక్కడ ముగిసేది. కానీ అదే నగరంలో, 1990ల చివర్లో, అసినోవ్‌స్కీ, ఆయన సహచరులు లేజరుతో నింపాదిగా వేడిచేసి 4,000 కెల్విన్ల లోపే గ్రాఫైట్ కరుగుతోందన్నారు. త్వరగా వేడిచేసేవాళ్లు వీళ్లతో, "మీకు కనపడింది ఉపరితలం కాదు, దాని మీద లేచిన ఆవిరి మబ్బు, అది మీ కళ్లకు అడ్డుపడింది" అన్నారు. నింపాదివాళ్లు వాళ్లతో, "మీరు పరుగులో పదార్థానికి సమతుల్యం చేరే తీరికే ఇవ్వలేదు" అన్నారు. రెండు వాదాల్లోనూ పస ఉంది. కార్బన్ ఆవిరి నిజంగానే చిక్కటి మసక. అందులో ఒంటరి పరమాణువుల కన్నా మూడేసి పరమాణువుల గొలుసులు ఎక్కువ, చల్లబడితే మసిగా ముద్దకడుతుంది. ఆ వాదం కాస్త సర్దుకుందనుకుంటే 2019లో కొంద్రాత్యెవ్, రాహెల్ అనే ఇద్దరు ఒత్తిడిని కూడా నేరుగా కొలుస్తూ మైక్రోసెకను లోపలి కరెంటు దెబ్బలతో చేసి 6,300 నుంచి 6,700 కెల్విన్లు అని ప్రకటించారు! సూర్యుడి ఉపరితలమే 5,772. నా అభిప్రాయం అడిగితే 4,800 చుట్టుపక్కల వాళ్ల వైపే మొగ్గుతాను, వాళ్ల కొలతల్లో శక్తి లెక్కా వెలుగు లెక్కా ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి కాబట్టి. అయినా 2019 వ్యాసం కొట్టిపారేయదగ్గది కాదు, వేగంగా వేడెక్కిన ఘనపదార్థం ఎంత దూరం కరగకుండా ఓర్చుకుంటుందనే ప్రశ్నను అది మళ్లీ తెరిచింది.

చూసింది ఏమిటో తెలియకపోవడానికి ఇంకో మంచి ఉదాహరణ ఉంది. 1978లో విటేకర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గ్రాఫైట్ సుమారు 2,600 కెల్విన్ల పైన గ్రాఫైట్‌గానే ఉండదనీ, కార్బైన్‌లనే గొలుసు రూపాల్లోకి మారి 3,800 దగ్గర కరుగుతుందనీ రాశాడు. అదే నిజమైతే పాఠ్యపుస్తకాలన్నీ తిరగరాయాలి. నాలుగేళ్ల తర్వాత స్మిత్, బ్యూసెక్ అనే ఖనిజశాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఆ ఆనవాళ్లను పరిశీలించి, వాటిలో చాలావరకు పొరల సిలికేట్లకు సరిపోతాయన్నారు. అంటే నమూనాలో కలిసిన మట్టి! విటేకర్ ఒప్పుకోలేదు, వాదం కొన్నాళ్లు సాగింది.

ఇంతకీ ఆ ద్రవం ఎలా ఉంటుంది? లోహంలా కరెంటు పారిస్తుందా? 1980ల్లో దీని మీద పెద్ద గొడవే నడిచింది. బ్లూంబెర్గెన్ బృందం పికోసెకన్ల లేజరుతో కొట్టి చూస్తే ఉపరితలం అద్దంలా మెరవడానికి బదులు మసకబారింది, లోహం కాదేమో అన్నారు. 1988లో జీన్ డ్రెసెల్‌హాస్‌ కూడా ఉన్న బృందం కార్బన్ నారలో కరెంటు పంపి కరిగించి, లోహంలాగే పారుతోందంది. మరుసటేడు గల్లి, మార్టిన్, కార్, పరినెల్లో క్వాంటం సూత్రాలతో కంప్యూటర్‌లో ద్రవ కార్బన్‌ను చేసి చూశారు. లోహమే. అందులో ఒక పరమాణువు ఇద్దరితో, ఇంకోటి ముగ్గురితో, మరోటి నలుగురితో చేతులు పట్టుకుని, ఆ పట్టు క్షణక్షణం మార్చుకుంటూ తిరుగుతోంది. జాతరలో పిల్లలు చేతులు వదిలి, పట్టుకుని, మళ్లీ వదిలే ఆట లాగా. ఒత్తిడి తక్కువైతే ఇద్దరేసి, ముగ్గురేసి ఎక్కువ, ఒత్తిడి పెరిగితే నలుగురేసి ఎక్కువ. బండీ గీత ఎక్కి దిగడానికి అర్థం ఇందులోనే ఉంది.

కంప్యూటర్ చూపించినదాన్ని కళ్లతో చూడటానికి ఇంకో ముప్పై ఆరేళ్లు పట్టింది. జర్మనీలో హాంబర్గ్ దగ్గర నేల కింద 3.4 కిలోమీటర్ల సొరంగంలో యూరోపియన్ ఎక్స్-రే లేజర్ ఉంది. 2025లో రోస్టాక్ విశ్వవిద్యాలయానికి చెందిన డొమినిక్ క్రౌస్ నాయకత్వంలో పెద్ద జట్టు అక్కడ చేసిన ప్రయోగం నేచర్ పత్రికలో వచ్చింది. బ్రిటన్ తయారుచేసిన డైపోల్ అనే లేజరు కార్బన్ నమూనాను కొడుతుంది. దెబ్బ అల ఘనపదార్థంలోంచి పరుగెత్తుతూ దాన్ని అదిమి కరిగిస్తుంది. ద్రవం నిలిచేది కొన్ని నానోసెకన్లే. ఆ రెప్పపాటులో వెయ్యో వంతు కూడా పట్టని ఎక్స్-రే మెరుపు దాన్ని తాకి, పరమాణువుల దూరాల ముద్రను డిటెక్టర్ మీద వదిలి పోతుంది. ఒత్తిడి సుమారు 10 లక్షల వాతావరణాలు. ఫలితం ఏమిటంటే ఒక్కో పరమాణువు చుట్టూ సగటున నలుగురు పొరుగువాళ్లు. వజ్రంలో ఉన్నంతమందే, కానీ కదులుతూ, మారుతూ. లెక్కలు ముందే చెప్పిన సంగతిని ప్రకృతి ఒప్పుకుంది.

ఆ ద్రవానికీ మనకూ సంబంధం ఏమిటని మీలో ఎవరో అడుగుతారు, అడగాలి కూడా. యురేనస్, నెప్ట్యూన్ లోపల మీథేన్ నలిగి కార్బన్ వజ్రాలుగా వానలా కురుస్తుందేమోనని మార్విన్ రాస్ 1981లో ఊహించాడు. క్రౌస్ జట్టు 2017లో మామూలు పాలిస్టైరిన్ ప్లాస్టిక్‌ను లేజరుతో కొట్టి సూక్ష్మ వజ్రాలు పుట్టించి చూపింది. హైడ్రోజన్ ఇంధనంతో కేంద్రక సంలీనం సాధించే ప్రయోగాల్లో గుండుసూది తలంత గుళికల పెంకును వజ్రంతో చేస్తున్నారు, అది నలిగి కరిగే దారి వాళ్లకు తెలియాలి. ఇవి చాలు. మాస్టారు అయితే ఈ ప్రశ్నకు "నీకు తెలుసుకోవాలని ఉందా లేదా, అది చెప్పు ముందు" అనేవారు.

చివరగా నా దగ్గరున్న ఈ వస్తువును మీకు చూపించి కూర్చుంటాను. ఆ సాయంత్రం ప్రొజెక్టర్ గది దిగేటప్పుడు మాస్టారు ఆపరేటర్‌ను అడిగి అరిగిపోయిన ఒక కార్బన్ ముక్క నా చేతిలో పెట్టారు. అప్పటికి ఇంకా వెచ్చగా ఉంది. రాగి పూత పెచ్చులూడింది గానీ కొసన గుంట అలాగే ఉంది. ముందు వరుసలో పిల్లల్లారా, ఒకరి తర్వాత ఒకరు చేతిలోకి తీసుకోండి, కింద పడెయ్యకండి, విరుగుతుంది. గుంట అంచును వేలితో తడిమి చూడండి. రాగిది కాక, కార్బన్‌దే ఎక్కడైనా బొట్టు కట్టి గడ్డకట్టిన గుర్తు తగిలితే వెంటనే చెప్పండి. ఆయన దగ్గర నాకు రావలసిన అర మార్కు ఇంకా బాకీ ఉంది.